పొగమంచు కన్నా ముందు రాత్రి వస్తుంది

చలికాలం రాగానే పిల్లలున్న ఇళ్లలో లంబసింగి మాట మొదలవుతుంది. చెరువు మీద తేలే పొగమంచు, గట్టున రంగురంగుల టెంట్లు ఫోన్లో చూసి 'ఈసారి మనమూ టెంటులో పడుకుందాం' అని పట్టుబడతారు. తీసుకెళ్లండి, సందేహించకండి. కాకపోతే చాలామంది అమ్మానాన్నలు ఉదయం ఆరు గంటల ఫొటో చుట్టూ ప్రయాణాన్ని అల్లుకుంటారు. ఆ ఆరు గంటలకు ముందు పన్నెండు గంటల చీకటి ఉంటుంది, చలి ఉంటుంది. పిల్లలకు గుర్తుండేది ఆ రాత్రే. అది సవ్యంగా గడిస్తే పొగమంచు పడకపోయినా వాళ్లకు పండగే. అందుకే ముందు రాత్రి సంగతి ఆలోచించండి.

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్ర మట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి కొద్ది కిలోమీటర్లలోనే తాజంగి జలాశయం. చుట్టూ కొండలు, అడవి, కాఫీ తోటలు, నీడ చెట్ల మీదికి పాకిన మిరియాల తీగలు. నవంబరు నుంచి జనవరి దాకా సీజను. డిసెంబరు, జనవరి రాత్రుల్లో పది డిగ్రీల లోపుకు దిగడం అక్కడ మామూలే. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదయ్యే ఉష్ణోగ్రతలు ఆ రోజుల్లో పత్రికల్లో వస్తుంటాయి. బయలుదేరే ముందు వారం పాటు వాటిని గమనించి బట్టలు సర్దుకోండి. నాలుగేళ్ల లోపు పిల్లలుంటే రాత్రికి గది తీసుకుని, టెంటు సరదా పగలు తీర్చండి. ఉబ్బసం ఉన్న పిల్లలైతే డాక్టరును అడిగాకే తేదీ ఖాయం చేసుకోండి. వీలైతే శని, ఆదివారాలు, సంక్రాంతి సెలవులు తప్పించండి. ఆ రోజుల్లో తెల్లవారుజామున ఘాట్ రోడ్డంతా కార్లే.

వెళ్లే ముందు ఒక రాత్రి ఇంట్లోనే రిహార్సల్ వేయండి. మేడ మీద గాని, అది లేకపోతే హాల్లో లైట్లన్నీ ఆర్పేసి గాని, ఫోన్లు పక్కన పెట్టి ఒక్క టార్చిలైటుతో పడుకోండి. మీ అమ్మాయి అర్ధరాత్రి ఒంటికి లేస్తుందా, మీ అబ్బాయికి చీకటంటే బెదురా, దుప్పటి తన్నేసే అలవాటు ఎవరిది, ఇవన్నీ ఆ ఒక్క రాత్రిలో తెలిసిపోతాయి. ఎవరి సంచి వాళ్లనే సర్దుకోనివ్వండి. అందులో మంకీ క్యాపు, రెండు జతల సాక్సులు, చిన్న టార్చి, నీళ్ల సీసా, ఒక ఈల ఉండాలి. తప్పిపోతే అటూ ఇటూ వెతుక్కుంటూ తిరగకూడదని, నిలబడ్డ చోటే ఉండి మూడుసార్లు ఈల ఊదాలని ఇంట్లోనే నేర్పండి.

విశాఖపట్నం నుంచైతే అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా వెళ్తారు. రైల్లో వచ్చేవాళ్లు అనకాపల్లిలోనో తునిలోనో దిగి రోడ్డున నర్సీపట్నం చేరుకోవచ్చు. అక్కణ్నుంచి ఘాట్ మలుపులు. పిల్లల కడుపులో తిప్పేది ఇక్కడే. నూనె పూరీలు వద్దు, ఇడ్లీ చాలు. ఫోన్లో బొమ్మలు చూస్తూ కూర్చుంటే వాంతులు తప్పవు. కిటికీ కొంచెం దించి, ముందున్న రోడ్డు చూడమనండి. రాత్రి మంచులో ఘాట్ ఎక్కే సాహసం వద్దు. మధ్యాహ్నం మూడింటికల్లా జలాశయం దగ్గరుంటే, వెలుగుండగానే పిల్లలు ఆ చోటుకు అలవాటు పడతారు.

కారులో ఫోన్ తీసేసుకున్నాక పిల్లలు ఊరికే కూర్చోరు కాబట్టి, దారిలో ఒక కథ చెప్పండి. బ్రిటిష్ వాళ్ల కాలంలో నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయడానికి కొండజనం చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించారు. ఆ పని చేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మీద కోపం, అడవిలో పోడు కొట్టుకోనివ్వని చట్టాల మీద కోపం కలిసి మన్యం తిరుగుబాటుకు దారి తీశాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్లింది. ఈ సంగతి తెలిసిన పిల్లలు ఆ కొండలను ఫొటోకి వెనక తెరలా చూడరు.

టెంటు ఎక్కడ వేయాలన్నది పెద్ద ప్రశ్న. 'అడవి మధ్యలో అయితే థ్రిల్లు' అని ఎవరైనా అంటే వినకండి. అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులోకి వెళ్లడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. డబ్బు తీసుకుని టెంట్లు ఇచ్చేవాళ్లను ముందే ఫోన్లో అడగండి: మరుగుదొడ్డి ఎంత దూరం, అక్కడికి దారిలో దీపం ఉందా, రాత్రంతా మనిషి ఉంటారా, తాగే నీళ్లు ఎక్కడివి? జవాబు నీళ్లు నమిలినట్టుంటే మరొకరిని చూసుకోండి.

చల్లగాలి బరువైనది. మబ్బులేని రాత్రి అది వాలు వెంట జారి పల్లంలో పేరుకుంటుంది. అందుకే సరిగ్గా నీటి ఒడ్డున కన్నా కాస్త మెరకన చలి తక్కువ, తేమా తక్కువ. పిల్లల భద్రతకూ అదే మంచిది. టెంటులోంచి చూస్తే నీళ్లు కనిపించాలి గాని, నిద్రమత్తులో పది అడుగులు వేస్తే కాళ్లకు తగలకూడదు.

చలి పైనుంచి వస్తుందనుకుని రగ్గులు మోసుకెళ్తాం. ఒంటి వేడిని ఎక్కువగా లాగేసేది కింద ఉన్న నేల. కప్పుకోవడానికి ఒకటుంటే పరుచుకోవడానికి రెండుండాలి. ముందు ప్లాస్టిక్ చాప, దాని మీద ఇంట్లో పాత చీరలతో కుట్టిన బొంత. పగలంతా ఆడిన బట్టల్లో చెమట తడి ఉంటుంది, అవి విప్పించి పొడిబట్టలు, పొడి సాక్సులు వేయండి. ఒకే లావుపాటి స్వెట్టరు కన్నా పలచటివి మూడు ఒకదాని మీద ఒకటి వేస్తే వెచ్చదనం నిలుస్తుంది. పడుకునే ముందు వేడివేడిగా అన్నం పెట్టండి.

ఒక్క విషయంలో మాత్రం మెత్తగా చెప్పలేను. బొగ్గుల కుంపటి, గ్యాస్ పొయ్యి, ఆరిపోతున్న నిప్పులు, వీటిలో ఏదీ టెంటులోకి రాకూడదు. కాలే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాళ్లను లేవనివ్వదు. కారు అద్దాలు మూసి, ఇంజను ఆన్‌లో ఉంచి పడుకోవడమూ అంతే ప్రమాదం. ఎంత చలేసినా టెంటు గాలిదారులు కొంచెం తెరిచే ఉంచండి. చలిమంట బయటే వేయాలి, పడుకునే ముందు నీళ్లు పోసి చల్లార్చాలి.

నీళ్ల విషయంలోనూ అంతే. మునిగిపోయే బిడ్డ సినిమాలో లాగా కేకలు వేయదు, చేతులు ఊపదు. నిమిషాల్లో, చప్పుడు లేకుండా అయిపోతుంది. జలాశయం అంచున బురద ఉంటుంది, అడుగు తెలియకుండా లోతుకు జారుతుంది. స్నానాలు, ఈతలు వద్దనే వద్దు. పడవ ఎక్కితే పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ ఉండాలి. 'అందరం చూస్తున్నాం కదా' అనుకున్నప్పుడే ఎవరూ చూడరు. కాబట్టి గంటకొకరు వంతు వేసుకోండి. వంతు ఉన్నవాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు.

ఇంత జాగ్రత్త చేశాక రాత్రిని పిల్లలకు వదిలేయండి. పాటల పెట్టె వద్దు. డిసెంబరులో కృత్తికలు, మృగశిర తూర్పున ఎక్కి వస్తాయి. నెల మధ్యలో, 14వ తేదీ చుట్టుపక్కల, జెమినిడ్ ఉల్కలు రాలతాయి. వెన్నెల లేకుంటే బాగా కనిపిస్తాయి. భయపడే పిల్లలకు 'భయమెందుకు' అని చెప్పకండి. ఆ చప్పుడు దేనిదో కలిసి వినండి. కప్పదా, ఎండుటాకులదా, ఊళ్లో కుక్కదా? పేరు తెలిసిన చప్పుడు భయపెట్టదు. ఉదయం బూట్లు దులిపి తొడగాలని, చీకట్లో టార్చి లేకుండా అడుగు వేయకూడదని చెప్పండి. పాము కరిస్తే కట్లు, గాట్లు వద్దు. కరిచిన కాలో చెయ్యో కదపనీయకుండా చింతపల్లి ప్రభుత్వ ఆసుపత్రికి బయలుదేరాలి. 108కి ఫోన్ చేయాలి, సిగ్నల్ లేకపోతే వాహనం సిద్ధంగా ఉండాలి. ఏ రెండింటికో బిడ్డ వణికి ఏడిస్తే పంతం వద్దు. ముందే మాట్లాడి ఉంచుకున్న గదికి వెళ్లిపోండి.

తెల్లారాక ఊరి వైపు నడవండి. అది ఎవరో ఉంటున్న ఊరు, ప్రదర్శనశాల కాదు. ఫొటో తీసే ముందు అడగమని, గిరిజన పిల్లలకు చాక్లెట్లు విసరొద్దని మీ పిల్లలకు చెప్పండి. సంత ఉన్న రోజైతే రాజ్మా, మిరియాలు ఊరివాళ్ల దగ్గరే బేరమాడకుండా కొనండి. చెత్తంతా మీ సంచిలోనే కిందికి తేవాలి. ఆ సంచి మోసే పని పెద్దపిల్లలది.

ఇంటికొచ్చాక బట్టలు ఉతికేస్తే పని అయిపోలేదు. ఏజెన్సీలో మలేరియా ఉంది, గడ్డిలో స్క్రబ్ టైఫస్ పురుగులూ ఉంటాయి. అక్కడ ఉన్నంతసేపూ నిండు చేతుల బట్టలు, దోమల మందు వాడినా, తర్వాత మూడు నాలుగు వారాలు కనిపెట్టి ఉండండి. జ్వరం వస్తే పారాసెటమాల్ వేసి ఊరుకోకుండా, చంకల్లో, తొడల మూలల్లో మాడినట్టు నల్లటి పొక్కు ఉందేమో చూడండి. డాక్టరుతో మొదటి మాటగా 'లంబసింగి వెళ్లొచ్చాం' అని చెప్పండి. ఆ ఒక్క ముక్కతో ఏ రక్తపరీక్ష చేయించాలో ఆయనకు వెంటనే తెలుస్తుంది.