థైరాయిడ్ మాత్ర పేరు మారినప్పుడు

రామకృష్ణాపూర్, మందమర్రి, గోదావరిఖని మొదలగు బొగ్గుగనుల ఊళ్లలో థైరాయిడ్ మాత్రను నిత్యము వాడుకొనువారు అనేకులు గలరు. వీరిలో కొందరు సింగరేణి ఏరియా ఆసుపత్రినుండి మందు తెచ్చుకొందురు. కొందరు మంచిర్యాల దుకాణములలో కొనుక్కొందురు. ఉద్యోగ విరమణ చేసి పిల్లల వద్దకు హైదరాబాదు వెళ్లినవారు అక్కడ దొరికినది తీసికొందురు. ఇట్లు చోటు మారినపుడు డబ్బామీది పేరు కూడ మారుట కలదు. అప్పుడు “ఇది నా మందు కాదు” అని మానివేయువారు కొందరు. “ఏదైనను ఒకటే” అని చూడక మ్రింగువారు మరికొందరు. ఈ రెండు పద్ధతులును సరియైనవి కావు.

గ్రంథి చేయు పని

మెడ ముందుభాగమున సీతాకోకచిలుక ఆకారములోనుండు గ్రంథిని అవటు గ్రంథి లేక థైరాయిడ్ అందురు. ఇందు పుట్టు థైరాక్సిన్ అను పదార్థము దేహములోని అవయవములు పనిచేయు వేగమును నడపును. ఇది చాలనిచో అలసట, చలి, మలబద్ధకము, ఒళ్లు బరువెక్కుట, స్త్రీలకు ముట్టు క్రమము తప్పుట సంభవించును. ఎక్కువైనచో గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి కలుగును. చాలకాలము అట్లే యున్నచో ఎముకలు పలుచబడును.

1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరమున జార్జి మర్రే అను వైద్యుడు గొఱ్ఱె గ్రంథినుండి తీసిన రసమును సూదితో ఎక్కించి ఈ లోపమునకు చికిత్స చేసెను. 1914లో అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సినును వేరుచేసెను. నేడు మాత్రలోనుండు లీవోథైరాక్సిన్ కర్మాగారమున తయారైనదైనను, మన గ్రంథిలో పుట్టుదానితో సమానమైనదే.

మందు ఒకటి, పేర్లు అనేకము

థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్, థైరాక్స్ అనునవి వేర్వేరు కంపెనీలు పెట్టుకొన్న పేర్లు. అన్నింటను ఉన్న మందు లీవోథైరాక్సిన్ ఒక్కటే. అట్లయిన తేడా ఎక్కడనుండి వచ్చును?

ఈ మందును మైక్రోగ్రాములలో కొలుతురు. ఒక మిల్లీగ్రాములో 1000 మైక్రోగ్రాములుండును. 50 మైక్రోగ్రాముల మాత్రలో అసలు మందు కంటికి ఆననంత స్వల్పము; మిగిలినదంతయు మాత్రకు రూపమిచ్చు పిండిపదార్థములే. ఈ పదార్థములు ఒక్కొక్క కంపెనీలో ఒక్కొక్క విధముగ నుండుటచే, మాత్ర కడుపులో కరగి రక్తములో చేరుటలో కొలదిపాటి తేడా రావచ్చును. అనేక మందుల విషయమున ఇట్టి తేడా లెక్కకు రాదు. లీవోథైరాక్సిన్ మోతాదు మిక్కిలి సున్నితమైనది గనుక కొందరికి ఇది తెలియవచ్చును. ఈ కారణముచేతనే అమెరికా ప్రభుత్వము 2007లో ఈ మాత్రలోని మందు, గడువు తీరువరకు, చెప్పిన కొలతలో 95 నుండి 105 శాతము లోపల నుండవలెనని కట్టడి చేసినది.

ఇతర దేశముల అనుభవము

ఫ్రాన్సులో 2017లో ఒక కంపెనీ తన లీవోథైరాక్సిన్ మాత్రలో లాక్టోజును తీసివేసి, మానిటాల్, సిట్రిక్ ఆమ్లము చేర్చినది. సుమారు 30 లక్షలమంది వాడు మందు అది. వేలకొలది రోగులు అలసట, తలనొప్పి, జుట్టు ఊడుట మొదలగు బాధలు చెప్పుకొనిరి. 2019లో వెల్లడియైన ప్రభుత్వ పరిశీలనలో తీవ్రమైన జబ్బులు పెరిగినట్లు కానరాలేదు. అయినను మార్పును ముందుగా తమకు విడమరచి చెప్పలేదను రోగుల ఆవేదన న్యాయస్థానములకు ఎక్కినది. మరియొక ప్రక్క, 2022లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధనలో, ఒక కంపెనీ మాత్రనుండి మరియొక కంపెనీ మాత్రకు మారినవారిలో అత్యధికుల రక్తపరీక్ష ఫలితము చెడలేదని తేలినది.

ఈ రెండింటివలన గ్రహింపవలసినది ఒకటే. పేరు మారుట భయపడవలసినది కాదు, తెలిసికొని, సరిచూచుకొనవలసినది.

చేయవలసిన పనులు

1. వీలైనంతవరకు ఒకే కంపెనీ మందు వాడవలెను. పాత డబ్బాను గాని మాత్రల అట్టను గాని వెంట తీసికొని పోవలెను.

2. పేరు మారినచో, డబ్బామీద లీవోథైరాక్సిన్ అని యున్నదా, అంకె మునుపటిదేనా అని చూడవలెను. చదువురానివారు ఫార్మసిస్టుచేత చదివించుకొనవలెను. 0.1 మిల్లీగ్రామనినను 100 మైక్రోగ్రాములనినను ఒకటే. “థైరాయిడ్ మాత్ర ఇమ్ము” అని మాత్రమే అడుగరాదు. గ్రంథి అతిగా పనిచేయువారికిచ్చు కార్బిమజోల్ కూడ థైరాయిడ్ మాత్రయే, దాని పని దీనికి పూర్తిగా వ్యతిరేకము.

3. మందు మానరాదు. ఈ మందు దేహములో సగమగుటకు ఏడు దినములు పట్టును. కావున మానిన వారమునకు “బాగుగనే యున్నాను” అని తోచుట నమ్మదగినది కాదు.

4. మారిన తేదీని వైద్యుల చీటీమీద వ్రాయించుకొని, 6 నుండి 8 వారముల పిదప టి.ఎస్.హెచ్. రక్తపరీక్ష చేయించుకొనవలెను. అంతకు ముందు చేసిన పరీక్ష సరియైన ఫలితము చూపదు. మోతాదును వైద్యులే మార్చవలెను. గుండెదడ వంటి బాధ కలిగినచో గడువుకై వేచియుండక ఆసుపత్రికి పోవలెను.

5. మిగిలిన అలవాట్లు మార్చరాదు. పరగడుపున మంచినీటితో మ్రింగి, అరగంటనుండి గంటవరకు టీ, కాఫీ, ఫలహారము ముట్టరాదు. ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడముండవలెను. షిఫ్టులు మారు కార్మికులకు ఉదయపు వేళ కుదరనిచో, భోజనమైన మూడు గంటల పిదప పడుకొనబోవునపుడు వేసికొనవచ్చునేమో వైద్యులను అడుగవలెను. ఈ నియమములు తప్పి, నేరమును కొత్త కంపెనీమీద మోపువారు గలరు.

6. మన ప్రాంతపు వేసవి తీవ్రమైనది. మాత్రలను కిటికీలోను, పొయ్యిదగ్గరను ఉంచక, తెచ్చిన డబ్బాలోనే చల్లని పొడిచోట దాచవలెను.

మరింత జాగ్రత్త ఎవరికి?

గర్భిణులు ఈ విషయమున ఏమరుపాటు చెందరాదు. మొదటి నెలలలో గర్భస్థ శిశువు మెదడు పెరుగుదలకు తల్లి థైరాక్సినే ఆధారము. గర్భము నిలిచినట్లు తెలియగనే వైద్యులకు చెప్పవలెను. అప్పుడు మోతాదు పెంచవలసి వచ్చుట సాధారణము. పుట్టుకతోనే ఈ లోపమున్న పసిబిడ్డలు, గుండెజబ్బున్న వృద్ధులు, థైరాయిడ్ క్యాన్సరుకు శస్త్రచికిత్స పొందినవారు వైద్యులనడుగక కంపెనీ మార్చుకొనరాదు.

ఇంటిలోని పెద్దలకు చూపు మందగించియుండవచ్చును. కొత్త డబ్బా వచ్చిన దినమున కొడుకుగాని కోడలుగాని ఒక్క నిమిషము దానిని పాతదానితో పోల్చిచూచినచో ఆరునెలల అనవసరపు అనారోగ్యము తప్పును. పేరు ఏదైనను కానిండు. మందు అదేనా, అంకె అదేనా, పరీక్ష ఎప్పుడు అను మూడు ప్రశ్నలు ప్రతి ఇంట అడుగబడవలెను.