మొదటి పొలం కత్తి: కొనే ముందు ఏం చూడాలి, కొన్నాక ఎలా కాపాడుకోవాలి



బ్రహ్మాస్త్రం తయారీ వీడియోలో ఆకులు కోసిన చిన్న కత్తి గురించి చాలామంది అడుగుతున్నారు. "ఏ కంపెనీ అన్నా, ఎక్కడ దొరుకుతుంది?" అని. కంపెనీ పేరు చెప్తే ఒక కత్తి కొంటారు, అంతే. ఎలా చూసి కొనాలో తెలిస్తే సంతలో అయినా, కమ్మరి దగ్గరైనా, ఆన్‌లైన్‌లో అయినా మీ అంతట మీరే ఎంచుకుంటారు. కింది వీడియోలో చేసి చూపించాను. ఇక్కడ కాస్త వివరంగా చెప్తున్నా.

ముందు ఒక్క మాట. ఎరువుకీ, మందుకీ షాపు మీద ఆధారపడొద్దు అనేది మన పద్ధతి. కత్తికీ అదే సూత్రం. మీ చేత్తో మీరే పదును పెట్టుకోగలిగిన కత్తే మీకు మంచి కత్తి. మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

అసలు ఈ కత్తి దేనికి?

గడ్డికి కొడవలి ఉంది. కొమ్మలకు మచ్చుకత్తి ఉంది. మొద్దులకు గొడ్డలి ఉంది. నడుముకు పెట్టుకునే చిన్న కత్తి వీటికి బదులు కాదు. వీటి మధ్య మిగిలిపోయే పనులకు అది: పురికొస తెంపడం, సంచి మూతి విప్పడం, డ్రిప్ పైపు కోయడం, నాటడానికి గిరిపుష్పం కొమ్మను ఏటవాలుగా కోయడం, అరటి ఎండాకు తీయడం, కాయలు కోయడం, కషాయానికి ఆకు తరగడం. వీటిలో ఒక్క పనికీ పెద్ద కత్తి అక్కర్లేదు. సినిమాలో చూసి రంపం పళ్ల పెద్ద కత్తి కొంటే అది వారం తర్వాత కొట్టంలో మూలన పడుతుంది.

మడిచేదా, మడవనిదా?

మడిచే కత్తి జేబులో పడుతుంది, నిజమే. కానీ దాని కీలులోకి మట్టి, పేడ, ఆకు జిగురు చేరతాయి. లోపల కడగడం కష్టం, తుప్పు పడుతుంది. లాక్ సరిగా లేని రకమైతే గట్టిగా నొక్కినప్పుడు మడుచుకుని మన వేళ్ల మీదకే వస్తుంది. మడవని కత్తిలో కదిలే భాగమే లేదు. బకెట్ నీళ్లలో కడిగి తుడిస్తే చాలు. అందుకే మొదటి కత్తి మడవనిదే తీసుకోండి.

సైజు

బ్లేడు పొడవు 4 నుంచి 5 అంగుళాలు, మందం 2.5 నుంచి 3.5 మిల్లీమీటర్లు సరిపోతుంది. మందం ఉంటే బలం అనుకుంటాం. కానీ మందమైన బ్లేడు కోయదు, చీలుస్తుంది. గుమ్మడికాయ మీద రెండు రకాలూ పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. స్వీడన్‌లో మోరా అనే ఊరు పని కత్తులకు ప్రసిద్ధి. అక్కడి మామూలు రకం కత్తికి బ్లేడు సుమారు 10 సెంటీమీటర్ల పొడవు, 2.5 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. అడవిలో తిరిగేవాళ్లు, చెక్క పని చేసేవాళ్లు దాంతోనే పని కానిచ్చేస్తారు.

అంచు మొత్తం సాదాగా ఉండాలి. రంపం పళ్లు ఉంటే ఇంట్లో సానరాయి మీద పదును పెట్టలేం.

ఇనుము

రెండు రకాలు గుర్తుపెట్టుకోండి. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది, అందుకే తుప్పు తక్కువ. సముద్రపు గాలి తగిలే ఊళ్లకు, చేపల చెరువుల దగ్గర పని చేసేవాళ్లకు ఇది మేలు. కార్బన్ స్టీలు త్వరగా తుప్పు పడుతుంది, కానీ మామూలు సానరాయి మీద కూడా తేలిగ్గా పదునెక్కుతుంది. నిమ్మ, చింత, పుల్ల మజ్జిగ తగిలితే నల్లబడుతుంది. ఆ నలుపుతో భయం లేదు. ఎర్ర తుప్పు కనిపిస్తేనే రుద్ది తీసేయాలి. రోజూ తుడిచి, ఒక చుక్క కొబ్బరి నూనె రాసే ఓపిక ఉంటే కార్బన్ తీసుకోండి. లేదంటే స్టెయిన్‌లెస్సే.

కమ్మరి దగ్గర చేయించుకుంటే "ఏ ఇనుము మామా?" అని అడగండి. లారీ కమాన్ కట్టల ఇనుము మంచిది. అందులో కార్బన్ సుమారు అర శాతం పైన ఉంటుంది కాబట్టి కాల్చి ముంచితే గట్టిపడుతుంది. స్లాబుకు వాడే కడ్డీలో అంత కార్బన్ ఉండదు. దాంతో చేసిన కత్తి చూడ్డానికి బాగున్నా రెండు రోజుల్లో మొద్దుబారుతుంది.

గట్టిపడిందో లేదో తెలుసుకోవడానికి తేలిక పరీక్ష ఉంది. అంచు దగ్గర ఆకురాయి మెల్లగా నడపండి. జారిపోతుంటే అంచు గట్టిది. కొరుక్కుని ఇనుప పొడి రాలుతుంటే మెత్తనిది. తర్వాత ఒక కన్ను మూసి వెన్ను వెంబడి చూడండి, వంకర ఉంటే వద్దని చెప్పేయండి.

పిడి, ఒర

బ్లేడు ఇనుము పిడి చివరి దాకా వెళ్లిన కత్తి ఊడిపోదు. సగం దాకా వెళ్లినది చిన్న పనులకు ఫర్వాలేదు, కానీ పిడి దగ్గర ఏ మాత్రం కదలిక ఉన్నా తీసుకోవద్దు. నాలుగు వేళ్లూ పిడి మీద పూర్తిగా పట్టాలి. చెయ్యి తడిపి పట్టుకుని చూడండి. జారుతుంటే జీవామృతం కలిపే చేత్తో అది పనికిరాదు. ముందు వైపు వేలు బ్లేడు మీదకు జారకుండా చిన్న గడ్డ లాంటిది ఉంటే ఇంకా మంచిది.

ఒర లేని కత్తి కొనొద్దు. తలకిందులు చేసి ఊపినా కత్తి జారకూడదు. తోలు ఒర చూడ్డానికి బాగుంటుంది, కానీ తడి పట్టి ఉంచుతుంది. వరి మడిలో, చెరువు గట్టున పని చేసేవాళ్లకు అడుగున రంధ్రం ఉన్న ప్లాస్టిక్ ఒర నయం.

పదును పెట్టడం

డబ్బులో కొంత భాగం సానరాయికి ఉంచండి. ఒక వైపు బరకగా, ఒక వైపు నున్నగా ఉండే రాయి చాలు. కత్తిని రాయి మీద నిటారుగా నిలబెట్టండి, అది 90 డిగ్రీలు. సగానికి వంచితే 45. ఇంకో సగం వంచితే ఇరవై పైచిలుకు. ఆ వాలులో రాయి తడిపి, ఒకే వాలు ఉంచి రుద్దండి. అవతలి వైపు బొటనవేలితో అంచు నుంచి బయటకు మెల్లగా తడిమితే సన్నని బరక తగులుతుంది. అప్పుడు రెండో వైపు తిప్పండి. చివరగా నున్న రాయి మీద తేలిగ్గా నాలుగు సార్లు. పండిన టమాటా నొక్కకుండా తెగితే పని అయినట్టే.

రోడ్డు పక్క కరెంటు గ్రైండర్ మీద నిప్పురవ్వలు ఎగిరేలా పట్టించవద్దు. అంచు నీలంగా మారిందంటే సుమారు 300 డిగ్రీల వేడి తగిలినట్టు. ఆ చోట గట్టిదనం పోయి, ఎంత సాన పట్టినా పదును నిలవదు. తెగులు చెట్టు కోశాక కత్తిని మంటలో పెట్టినా ఇదే నష్టం. దానిమ్మలో బాక్టీరియా మచ్చ తెగులు కోసే పనిముట్లతో ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పాకుతుంది. అలాంటి తోటలో మంట బదులు, చెట్టు మారినప్పుడల్లా సర్జికల్ స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవండి.

కషాయం కత్తి వంటింట్లోకి రానివ్వొద్దు

ఉమ్మెత్తలో ప్రతి భాగమూ విషమే. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. ఈ ఆకులు తరిగిన కత్తితోనే పిల్లలకు జామకాయ కోసి ఇవ్వకండి. వీలైతే కషాయానికి వేరే కత్తి పెట్టుకుని పిడికి ఎర్ర రంగు పూయండి. ఒక్కటే కత్తి ఉంటే ఒరలో పెట్టే ముందే సబ్బుతో కడగండి, చేతులు కూడా.

తెగితే?

పదునున్న కత్తి కంటే మొద్దు కత్తితోనే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే బలంగా నొక్కుతాం, అది జారుతుంది. కోత ఎప్పుడూ ఒంటి నుంచి బయటకు ఉండాలి. కూర్చుని తొడల మధ్య పెట్టి కోయొద్దు, అక్కడ పెద్ద రక్తనాళం ఉంది. చెయ్యి చాచినంత దూరంలో ఎవరూ ఉండకూడదు.

తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. రక్తం ఆగాక సబ్బు నీళ్లతో కడగండి. ఆగకపోతే నొక్కిన చెయ్యి తీయకుండానే ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, కాఫీ పొడి, సున్నం పెట్టొద్దు. ధనుర్వాతం తెచ్చే క్రిమి మట్టిలో, పశువుల పేడలో ఉంటుంది. పేడతో రోజూ పని చేసే మనం దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. గాయం చిన్నదైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, టీకా చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో చెప్పండి. అవసరమైతే వాళ్లే వేస్తారు.

చట్టం

ఆయుధాల నిబంధనల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడున్న కత్తులు ఆయుధాల కిందకు వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. మనం చెప్పుకున్న కత్తి ఆ కొలతకు చాలా లోపే. అయినా అది పొలం పనిముట్టు, పొలంలోనే ఉండాలి. జాతరకు, పెళ్లికి నడుముకు పెట్టుకుని వెళ్లేది కాదు.

కొనే ముందు ఈ వారం మీ పొలంలో ఏయే పనులకు కత్తి కోసం వెతుక్కున్నారో ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం జేబులో పెట్టుకుని సంతకు వెళ్లండి. తర్వాతి వీడియోలో పాత కొడవలికి ఇంట్లోనే పిడి మార్చడం చూద్దాం.