బీగంచెవి లేని నట్టు

మాది అనంతపురం జిల్లా కుందుర్పి. ఇట్లాంటి ఊళ్లో అలాయ్ చక్రాల కారుకు పంక్చరైతే, స్టెప్నీ, జాకీ రెండూ ఉన్నా ఒక్కోసారి పని జరగదు. చక్రానికి ఒక నట్టు గుండ్రంగా ఉండి స్పానర్‌కు చిక్కదు. అది దొంగల కోసం పెట్టిన లాకింగ్ నట్టు. దాని గాడులకు సరిపోయే చిన్న సాకెట్టే దాని బీగంచెవి. సెకండ్ హ్యాండ్ బండి చేతులు మారేటప్పుడు మొదట పోయేది అదే.

ముందు డ్యాష్‌బోర్డు అరలో, స్టెప్నీ గుంతలో, టూల్ సంచిలో వెతకండి. చెవితో పాటు ఇచ్చిన కోడ్ కార్డు దొరికినా చాలు, కొత్తది తెప్పించుకోవచ్చు. రెండూ లేకపోతే మనకున్నవి రెండు వేరువేరు సమస్యలు: పట్టు, బిగువు. బీగం అడ్డుకునేది పట్టును మాత్రమే. బిగువు మామూలు నట్టుకూ అంతే.

పట్టు కోసం, నట్టు బయటి కొలత కంటే కొంచెం చిన్నదైన పన్నెండు మూలల పాత సాకెట్ తీసుకుని సుత్తితో తిన్నగా దిగగొట్టాల. ఆ మూలలు నట్టు ఒంట్లోకి కొరుక్కుంటాయి. కంటికి అద్దాలు తప్పనిసరి. నట్టు పైన విడిగా తిరిగే రింగు ఉంటే ఈ పద్ధతి పారదు. దానికి వేరే ఎక్స్‌ట్రాక్టర్ కావాల.

బిగువు అంటే రాపిడి. బిగించేటప్పుడు మనం పెట్టే టార్క్‌లో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది. బోల్టును సాగదీసి చక్రాన్ని పట్టి ఉంచేది మిగిలిన 10 శాతమే. అందుకే మరలకు తుప్పు వదిలించే నూనె వేసి కాసేపు ఆగడం దండగ కాదు. ఇక లెక్క చూడండి. 110 న్యూటన్ మీటర్ల టార్క్‌కు 25 సెంటీమీటర్ల స్పానర్ మీద సుమారు 45 కిలోల బరువు మోపాల. పైపు తగిలించి 75 సెంటీమీటర్లు చేస్తే 15 కిలోలు చాలు. కుదుపులు వద్దు, నిదానంగా ఒకే ఒత్తిడి. కుదిపితే సాకెట్ జారుతుంది, వేళ్లు పోతాయి.

అన్నిటికంటే ముఖ్యం వరుస. హ్యాండ్‌బ్రేక్ వేసి, మిగతా చక్రాలకు రాళ్లు పెట్టి, చక్రం నేల మీద ఉండగానే లాకింగ్ నట్టు వదులు చేయాల. మిగతా నట్లు అప్పటికి బిగువుగానే ఉండాల. అప్పుడు దీని మీద భారం తక్కువ. మా పంక్చర్ షాపు అన్న మాట ఒకటే: "బండి దించు సామీ, ఆ తర్వాతే రాడ్డు ముట్టు." జాకీ మీదున్న బండికి రాడ్డు వేసి లాగితే బండి జారి మనిషి మీదే పడొచ్చు.

ట్రాక్టర్ పనులు చేసే వెల్డింగ్ షాపులో నట్టుకు ఇంకో నట్టు అతికించి తిప్పుదామంటారు. గాలి ఉన్న టైరు పక్కన ఆ వేడి పెట్టనీయకండి. లోపలి రబ్బరు కాలి వాయువులు పుడితే టైరు బాంబులా పేలుతుంది. ముందు వాల్వ్ పిన్ తీసి గాలి పూర్తిగా వదలాల. అలాయ్‌కూ వేడి మంచిది కాదు కాబట్టి ఇది ఆఖరి దారి.

ఊడిన నట్టు మళ్లీ పనికిరాదు. అదే మర, అదే సీటింగ్ ఉన్న మామూలు నట్టు వేసి, ఎదురెదురుగా బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ మళ్లీ చూసుకోండి.

ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు డిక్కీ తెరిచి బీగంచెవి ఉందో లేదో చూడండి. దారిలో వెతకడం కంటే ఇంట్లో వెతకడం సులువు.