చలి లెక్కలు: కడియం నుంచి లంబసింగి దాకా

భారత వాతావరణ విభాగం (ఐఎండీ) లెక్కలో శీతాకాలం జనవరి, ఫిబ్రవరి మాత్రమే. డిసెంబరునూ అందులో చేర్చేవాళ్లే ఎక్కువ!

కడియం (తూర్పు గోదావరి): నర్సరీలకు ప్రసిద్ధి. సముద్ర ప్రభావంతో చలి మితం. తెల్లవారుజామున నర్సరీ సంచుల్లోని మొక్కల ఆకులపై నిలిచే మంచు బొట్లు నీటిఆవిరి సాంద్రీకరణం, ఘనీభవనం కాదు.

లంబసింగి (అల్లూరి సీతారామరాజు జిల్లా, చింతపల్లి మండలం): ‘ఆంధ్రా కశ్మీర్’. ఎత్తు సుమారు 1,000 మీటర్లు. ప్రతి 1,000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుదల.

ఆదిలాబాద్: చలికి కారణం ఎత్తు కాదు, సముద్రానికి దూరం.

పంజాబ్ చలికాలపు వాన: పశ్చిమ అలజడులు, పుట్టుక మధ్యధరా ప్రాంతం, గోధుమకు మేలు.

శీతల గాలులు: కనిష్ఠ ఉష్ణోగ్రత మైదానాల్లో 10, తీరంలో 15 డిగ్రీలు మించకూడదు, సాధారణం కంటే కనీసం 4.5 తగ్గాలి. తీరం అంకెనే ఎక్కువగా మరిచిపోతారు.