అశ్వం వాహనమెక్కే వేళ

స్వామివారికి అశ్వాన్ని సమర్పించాలని సంకల్పించే దాతలు దానవిధిని గురించి, ముహూర్తాన్ని గురించి నన్ను అడుగుతూ ఉంటారు. సమర్పించిన అశ్వాన్ని ఒక ఊరి నుంచి మరొక ఊరికి ఎలా తీసుకుపోవాలో మాత్రం ఎవరూ అడగరు. ఒకప్పుడు నేనూ ఆలోచించలేదు. దాని ఫలితాన్ని ఒక మూగజీవి అనుభవించింది. అందువల్ల నేర్చుకొన్న పాఠాన్ని ఈ మాసం మీ ముందుంచుతున్నాను.

కొన్నేళ్ల క్రితం, నేను పురాణప్రవచనం చేస్తూ ఉండిన ఒక ఆలయానికి ఒక దాత తెల్లని ఆడగుర్రాన్ని సమర్పించారు. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానినొకటి తాకుతూ ఉండే కాఠియావాడీ జాతిది. పొరుగూరి ఉత్సవంలో స్వామివారి ముందు నడిపించడానికి దానిని లారీలో పంపాలని నిశ్చయించారు. ప్రయాణముహూర్తం పెట్టినవాణ్ణి నేనే.

గుర్రం వాలుబల్ల దగ్గర ఆగిపోయింది. ఇద్దరు ముందు నుంచి తాడు లాగారు. ఇద్దరు వెనుక నుంచి కర్రలతో అదిలించారు. "ముహూర్తం మించిపోతున్నది, త్వరపడండి" అని కేకలు వేసినవాణ్ణీ నేనే. గుర్రం ఒక్కసారిగా తల పైకెత్తింది. ఇనుపకమ్మీ నుదుటికి తగిలి రక్తం కారింది. వెనుకకు దూకబోయి బల్లమీద జారి కాలు గీసుకుపోయింది. ఆ రోజు అది ప్రయాణం చేయలేదు.

ఆ సాయంత్రం గాయానికి మందు వేయడానికి ఒక వృద్ధుడైన సాయిబుగారు వచ్చారు. జట్కాలు తిరిగిన కాలంలో గుర్రాలను సాకినవారు. "పంతులుగారూ, ఇది మొండికెయ్యలేదు, భయపడింది. కర్ర చూపిస్తే భయం తగ్గదండీ, పెరుగుతుంది" అన్నారు.

ఆ మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. భారతంలోని ద్రోణపర్వకథను నలభై ఏళ్లుగా చెబుతున్నవాణ్ణి నేను. సూర్యాస్తమయంలోగా సైంధవుణ్ణి వధించకపోతే అగ్నిప్రవేశం చేస్తానని అర్జునుడు ప్రతిన పూనిన మరునాడు అది. పొద్దు వాలుతున్నది, చుట్టూ శత్రుసేన. అయినా గుర్రాలు అలసిపోయాయని రథం ఆపారు. అర్జునుడు బాణాలతో జలాశయం కల్పించాడు. శ్రీకృష్ణుడు కాడి విప్పి, వాటి ఒంటిని గుచ్చుకొన్న బాణాలను తీసి, నీళ్లు తాగించి, సేదదీర్చి, ఆ తరువాతనే మళ్లీ రథానికి కట్టాడు. అంతటి గడువున్న భగవంతుడే గుర్రాల కోసం ఆగాడు. నేను ఆగలేకపోయాను.

గాయం మానిన తరువాత శిక్షణ మొదలైంది. రోజూ దగ్గర కూర్చుని చూశాను. గుర్రం ఎందుకు జంకుతుందో సాయిబుగారు మొదట వివరించారు. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. అది చుట్టూ చాలా దూరం చూడగలదు. కాని నుదుటికి ఎదురుగా ఉన్న కొద్దిచోటు, తోక వెనుక చోటు దానికి కనబడవు. ఎండలో నుంచి చీకటిలోకి చూపు కుదురుకోవడానికి మనకంటె ఎక్కువ సమయం పడుతుంది. అది క్రూరమృగాల నుంచి పరుగెత్తి ప్రాణం కాపాడుకొనే జాతి. కాలికింద బోలుగా మోగే బల్ల, ఎదుట చీకటి, తప్పించుకొనే దారి లేని ఇరుకు గది: మనకు బండిగా కనిపించేది దానికి బోనుగా కనిపిస్తుంది.

మొదటి పాఠం బండికి దూరంగా, నేలమీదనే జరిగింది. తలకు కట్టిన తాడును మెల్లగా బిగించి నిలిచేవారు. గుర్రం ఒక్క అడుగు ముందుకు వేసిందో లేదో, తాడు వదులు చేసేవారు. అడుగు కూడా కాదు, బరువును ముందుకు మోపినా చాలు, వెంటనే వదులు. ఇక్కడే విద్య అంతా ఉంది. గుర్రం లాగడం వల్ల నేర్చుకోదు. సరియైన క్షణంలో వదలడం వల్ల నేర్చుకొంటుంది. అదే విధంగా వెనుకకు నడవడమూ నేర్పారు. వెనుకకు దిగడం తెలిసిన గుర్రం లోపలికి వెళ్లడానికి అంతగా భయపడదు.

తరువాత నేలమీద ఒక చెక్కబల్ల పరచి, జారకుండా గోనెపట్టా వేసి దానిమీద నడిపించారు. ఆపైన బండిని మిట్టకు ఆనించి నిలిపి బల్ల వాలు తగ్గించారు. లోపలికి వెలుతురు వచ్చేటట్లు పక్కతలుపులు తెరిచి, గడ్డి పరిచారు. గుర్రం బల్లను వాసన చూసింది. ఆ రోజుకు అంతే. మరునాడు ముందరి కాళ్లు రెండూ పెట్టింది. అది బెదిరి దూకకముందే సాయిబుగారే దానిని వెనుకకు దించారు. నాలుగు కాళ్లూ లోపల పెట్టిన రోజున నాలుగు పరకలు తినిపించి, తలుపు వేయకుండానే బయటికి తెచ్చారు. ప్రతి పాఠమూ కొద్దిసేపే. బాగా చేసిన చోటనే ముగింపు. ఆయన ఎన్నడూ గుర్రానికి సూటిగా ఎదురుగా గాని వెనుకగా గాని నిలబడలేదు. భుజం పక్కనే ఉన్నారు.

మరొక నియమం అందరూ గుర్తుంచుకోవాలి. ఎక్కించిన తరువాత ముందు వెనుక కమ్మీ వేయాలి, ఆ తరువాతనే తల కట్టాలి. దించేటప్పుడు ముందు తల విప్పాలి, ఆ తరువాతనే కమ్మీ తీయాలి. క్రమం తప్పితే, తల కట్టివున్న గుర్రం వెనుకకు లాగి మెడ విరుచుకొనే ప్రమాదముంది.

చివరకు ఇంజను మోతకు అలవాటు చేసి, మాడవీధుల్లో ఒక చుట్టు తిప్పి తెచ్చారు. మొత్తం పంతొమ్మిది రోజులు పట్టింది.

ఆ ఏడాది మార్గశిరంలో ఒక అర్ధరాత్రి ఆ గుర్రానికి కడుపుశూల వచ్చింది. కాళ్లతో నేలను తవ్వుతూ, పొట్టవైపు తిరిగి చూస్తూ, పొర్లబోతున్నది. గుర్రానికి వాంతి చేసుకొనే శక్తి లేదు; శూల ముదిరితే కొన్ని గంటలలోనే ప్రాణం పోవచ్చు. పశువైద్యులు ఫోనులో వెంటనే ఆసుపత్రికి తెమ్మన్నారు. బండి వచ్చింది. గుర్రం బల్ల దగ్గర ఆగింది. ఈసారి ఎవరూ కేక వేయలేదు. సాయిబుగారు తాడు వదులుగా పట్టుకొని భుజం పక్కన నిలిచారు. నాకు ఆ రెండు నిమిషాలు రెండు యుగాలుగా గడిచాయి. తరువాత అది తల వంచి, బల్లను వాసన చూసి, తనంతట తానే లోపలికి నడిచింది. మూడవనాడు ఆరోగ్యంగా తిరిగివచ్చింది. నుదుటిమీది మచ్చ మాత్రం పోలేదు. దానిని చూసినప్పుడల్లా తల దించుకొంటాను.

కనుక దాతలకు నా విన్నపం. అశ్వదానం సంకల్పిస్తే, ముందుగా దానికి బండి ఎక్కడం అలవాటు ఉందో లేదో విచారించండి. లేకపోతే ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందే తెలిసినవారిచేత నేర్పించండి. ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉన్నదని పశువైద్యుని ధ్రువపత్రం తీసుకోండి. ముహూర్తం కావాలని నా దగ్గరకు వచ్చేవారిని ఇప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: "గుర్రం సిద్ధంగా ఉన్నదా?" అది సిద్ధమైన తరువాతనే పంచాంగం తెరుస్తాను.

సర్వే జనాః సుఖినో భవంతు. మూగజీవులు కూడా ఆ జనంలోనివే.