కుట్టిన పడవ

జాకెట్టు ఎలా కుడతాం? ముందు కొలతలు తీసుకుంటాం. గుడ్డ కత్తిరిస్తాం. ముక్కలు కలిపి కుడతాం. అప్పుడు గుడ్డకు ఒంటి ఆకారం వస్తుంది.

పడవను కూడా ఇలాగే కుట్టొచ్చు. నమ్మబుద్ధి కావడం లేదా? అయితే చదవండి.

మిర్రర్ పడవ

ఇంగ్లండులో డెయిలీ మిర్రర్ అనే పత్రిక ఉంది. 1963లో ఆ పత్రిక ఒక చిన్న తెరచాప పడవను జనం ముందుకు తెచ్చింది. దాని పేరు మిర్రర్. దాన్ని తయారు చేసే పద్ధతి చెప్పినవారు ఇద్దరు. ఒకరు జాక్ హోల్ట్. ఆయన పడవల పని తెలిసినవాడు. రెండోవారు బారీ బక్నెల్. ఆయన టీవీలో ఇంటి పనులు నేర్పేవాడు.

చెక్క ముక్కలు, సామాను కలిపి అమ్మేవారు. వెల 63 పౌండ్ల 11 షిల్లింగులు. కొన్నవాళ్లు ఇంటి దగ్గరే పడవ చేసుకునేవారు. దాని పొడవు 3 మీటర్ల 30 సెంటీమీటర్లు. ఇద్దరు ఎక్కి పందేలకు వెళ్లొచ్చు. ఇలాంటి పడవలు 70,000 పైగా తయారయ్యాయి.

ఏ సరుకు మంచిది?

కొయ్య పలకలు: బరువెక్కువ. ఎండకు ఎండి సందులు పడతాయి. పనితనం ఉన్న వడ్రంగి కావాలి.

ఫైబర్: కుళ్లదు. కాని ముందు అచ్చు చేయాలి. ఒక్క పడవ కోసం అచ్చు చేస్తే డబ్బు దండగ. చాలా పడవలు చేసేవాళ్లకే గిట్టుతుంది.

ప్లైవుడ్: తేలిక. సులువుగా వంగుతుంది. ఇంటి దగ్గర ఒక్క పడవ చేసుకునేవాళ్లకు ఇదే అనువు.

అయితే ప్లైవుడ్ అంతా ఒకటి కాదు. మామూలు రకం నీళ్లలో నానితే పొరలు ఊడిపోతుంది. నడి నీళ్లలో ఊడితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మెరైన్ ప్లైవుడ్ అడగాలి. మన దేశంలో దాని గుర్తు ఐ.ఎస్. 710. ఈ రకాన్ని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్ష చేస్తారు. అప్పుడు కూడా పొరలు ఊడకూడదు.

వంటింటి అలమరకు చెక్క కొన్నా సరే, కొట్టువాడి మాట విని ఊరుకోకండి. చెక్క మీద అంకె చదవండి.

ఎలా కుట్టాలి?

1. కొలతల ప్రకారం చెక్కలు కోయాలి.
2. అంచుల వెంట చిన్న చిన్న బెజ్జాలు వేయాలి.
3. రాగి తీగతో అంచులు కలిపి కుట్టాలి. తీగ బిగిస్తుంటే పడవ ఆకారం వస్తుంది.
4. మూల నుంచి మూలకు తాడు పట్టి కొలవాలి. రెండు కొలతలూ సమానంగా ఉంటే పడవ వంకర లేనట్టే.
5. లోపలి కుట్టు మీద ఫైబర్ గుడ్డ పట్టీ వేసి, రెసిన్ పూయాలి.
6. అది గట్టిపడ్డాక బయటి తీగలు కత్తిరించి, బయట కూడా పట్టీ వేయాలి.
7. లోపల మూసిన గాలి గదులు కట్టాలి. పడవ బోల్తా పడినా ఇవి మునగనివ్వవు.
8. చెక్క అంచులు వదలకుండా రంగు వేయాలి. నీరు ముందు అంచుల నుంచే ఎక్కుతుంది.

రెసిన్‌తో జాగ్రత్త

ఇప్పుడు ఎక్కువగా ఎపాక్సీ రెసిన్ వాడుతున్నారు. ఇది చెక్కకు బాగా అతుక్కుంటుంది. దీనిలో హార్డెనర్ అనే రెండో సరుకు కలపాలి. ఎంత కలపాలో డబ్బా మీద రాసి ఉంటుంది. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందని కొందరు అనుకుంటారు. అది తప్పు. అతుకు బలహీనమవుతుంది. ఒకేసారి ఎక్కువ కలిపితే వేడెక్కి పొగలు వస్తాయి. కొంచెం కొంచెం కలపండి. చేతులకు గ్లవ్స్ వేసుకోండి. గాలి ఆడేచోట పని చేయండి.

రెసిన్ అతిగా పూయకూడదు. పడవ బరువెక్కి పందెంలో వెనకబడుతుంది. మరీ తేలికగా చేసినా ఒప్పుకోరు. సామాను లేని మిర్రర్ పడవ 45న్నర కిలోలకు తగ్గకూడదని నియమం ఉంది.

మన తీరంలో

కుట్టు పడవ మనకు కొత్త కాదు. పూర్వం మన తూర్పు తీరంలో మసూలా పడవలు ఉండేవి. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. మేకులు కొట్టేవారు కాదు. అల వచ్చి కొడితే పడవ కొంచెం సాగి, ఆ దెబ్బకు తట్టుకునేది.

చదివారు కదా! ఇప్పుడు చెప్పండి

1. పడవకు మామూలు ప్లైవుడ్ ఎందుకు పనికిరాదు?
2. మెరైన్ ప్లైవుడ్ మీద ఏ అంకె ఉండాలి?
3. గాలి గదులు ఎందుకు?
4. డబ్బా మీద "రెసిన్ 2 పాళ్లు, హార్డెనర్ 1 పాలు" అని ఉంది. రెసిన్ 200 గ్రాములు తీసుకుంటే హార్డెనర్ ఎంత కలపాలి?