అస్థి నిమజ్జనము: ముచుకుందా తీరము నుండి సముద్రము వరకు

హైదరాబాదు పాతబస్తీలో ఒక వైష్ణవ గృహస్థు పరమపదించినపుడు ఆ యింటివారికి ఎదురగు ప్రశ్నలలో ఒకటి దహనమైన మరునాడే తలయెత్తును. పురానాపూల్ శ్మశానమున చితి చల్లారినది. అస్థికలను ఏ జలములలో కలుపవలెను? కాశికి కొనిపొమ్మని ఒక పెద్ద చెప్పును. కృష్ణ చాలునని మరియొకరు అందురు. నదులన్నియు చేరునది సముద్రమునే గదా, నేరుగా అచటికే పోవుట మేలని ఇంకొకరి మాట. శాలిబండ నుండిగాని గౌలిపురా నుండిగాని సముద్రము మూడువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. ధనము, సెలవు, దేహబలము కలవారు పోగలరు. పోలేనివారు అందుబాటులోనున్న నదిలో కలిపి, తండ్రికి చేయవలసినది చేయలేకపోతిమేమో యని యేండ్ల తరబడి లోలోన కుములుచుందురు. ఈ వ్యాసము ముఖ్యముగా వారి కొరకు.

ముందు విధిని చూతము. దహనానంతరము అస్థికలనేరి కూర్చుట అస్థిసంచయనము. అది యే దినమున చేయవలెనో వారివారి సూత్రమును, ఇంటి ఆచారమును బట్టి పురోహితులు నిర్ణయింతురు. చితిని పాలతోను నీటితోను తడిపి, అస్థికలను క్రమముగా నేరి, క్రొత్త మట్టికుండలో నుంచి వస్త్రముతో మూతి కట్టుదురు. ఆ కుండను ఇంటిలోనికి తేరు. చెట్టుకొమ్మకు వ్రేలగట్టుటయో, శ్మశానమునందే భద్రపరచుటయో పరిపాటి. పది దినములలోపల నిమజ్జనము చేయుట ప్రశస్తము. దాటినచో పురోహితుని సంప్రదించి తగిన విధితో చేయవచ్చును. విధి కోరునది పుణ్యజలము. సముద్రమే కావలెనను నిర్బంధము అందు లేదు.

మరి చితాభస్మమునకు సముద్రమునకు సంబంధమెట్లు కలిగినది? వెదకినచో సగరుని కథకే చేరుదుము. శ్రీమద్రామాయణ బాలకాండమునందును, భాగవత నవమస్కంధమునందును ఈ కథ కలదు. అశ్వమేధాశ్వమును వెదకుచు భూమిని త్రవ్విన సగరపుత్రులు అరువదివేలమంది కపిలమహర్షికి అపచారము చేసి భస్మమైరి. వారి త్రవ్వకము వలననే సముద్రమునకు సాగరమను పేరు వచ్చినది. మనుమడైన అంశుమంతుడు గుఱ్ఱమును కనుగొనెను, భస్మరాశులను చూచెను, తర్పణము విడుచుటకు నీరు వెదకెను. లౌకికజలము చాలదనియు, గంగయే రావలెననియు గరుత్మంతుడు తెలిపినట్లు రామాయణము చెప్పును. అంశుమంతుడు తపము చేసి గతించెను. దిలీపుడు ఆ చింతతోనే గతించెను. భగీరథునికి గాని పని నెరవేరలేదు.

ఈ కథను మనవారు పట్టుదలకు ఉదాహరణముగా చెప్పి అంతటితో విడిచిపెట్టుదురు. నాకు అంతకంటె ముఖ్యముగా తోచునది వేఱొకటి. ఆ భస్మమును గంగ యొద్దకు మోసికొనిపోయినవారు లేరు. గంగయే విష్ణుపాదమున పుట్టి, శివుని జటాజూటమున నిలిచి, హిమాలయమును దిగి, భస్మమున్న చోటికి నడచివచ్చినది. మూడు తరముల ఆలస్యము కూడ వారి గతిని ఆపలేదు. “గరుత్మంతుడు లౌకికజలము చాలదనెను గదా” యని అడుగువారుందురు. అది మహర్షి కోపాగ్నికి దగ్ధులైనవారి విషయము. యథావిధిగా సంస్కారము పొందిన గృహస్థునికి ఆ నిర్బంధమును తగిలించుట ఉచితముగా లేదు.

ఇక మన నది సంగతి. మూసీ యని నేడు పిలువబడునది ముచుకుందా నది. వికారాబాదు చెంత, అనంతపద్మనాభస్వామి వెలసిన అనంతగిరి కొండలలో దీని పుట్టుక. మాంధాత కుమారుడైన ముచుకుందుడు దేవతల పక్షమున చిరకాలము పోరాడి, అలసి, నిద్రను వరముగా పొంది గుహలో పరుండెను. శ్రీకృష్ణుని తరుముకొనివచ్చిన కాలయవనుడు చీకటిలో ఆ నిద్రితుని తన్ని, అతని చూపు సోకి భస్మమయ్యెను. పిమ్మట స్వామి ముచుకుందునకు దర్శనమిచ్చెను. ఇంతవరకు దశమస్కంధములోని కథ. ఆ గుహ అనంతగిరియందే యున్నదనియు, ముచుకుందుడు స్వామి పాదములు కడిగిన జలమే నదియై పారినదనియు స్థలపురాణము. సగరుడును ముచుకుందుడును ఒకే ఇక్ష్వాకు వంశమువారు. గంగ త్రివిక్రముని శ్రీపాదతీర్థమైనచో, ఈ కథనము ప్రకారము ముచుకుంద శ్రీకృష్ణుని శ్రీపాదతీర్థము.

ఈ మాట విని, నయాపూల్ మీద నిలిచి మూసీని చూచినవారు నవ్వుదురేమో. నగరపు మురుగును మోయుచున్న ఆ నీటిలో కుండ విడువుమని చెప్పుట నా అభిప్రాయము కాదు. కాని ఆ నది నగరముతోనే ముగియుట లేదు. నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద అది కృష్ణవేణిలో కలియుచున్నది. సంగమమున మీనాక్షీ అగస్త్యేశ్వరుల ఆలయమును, లక్ష్మీనృసింహస్వామి ఆలయమును కలవు. అక్కడ నిమజ్జనము చేయువారు తమ పేట ప్రక్కన పారిన నది పెద్దనదిని చేరుచోటనే చేయుచున్నారు. అటుపైన పులిచింతల జలాశయమును, బెజవాడలో 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజీయును ఆ నీటికి అడ్డమే. వరద దినములలో గేట్లెత్తినపుడు కృష్ణ పొంగి హంసలదీవి వద్ద సముద్రమును చేరును.

నిమజ్జనమునకు ఒక్కటే స్థలమను నియమము లేదనుటకు ఇటీవలి చరిత్రలో అందరెరిగిన దృష్టాంతము గాంధీమహాత్మునిది. 1948లో ఆయన చితాభస్మమును భాగములుచేసి దేశమందలి అనేక జలములలో కలిపిరి. హైదరాబాదులో లంగర్‌హౌజ్ వద్ద మూసీ, ఈసీ నదుల సంగమమున ఒక భాగము నిమజ్జనమైనది. అదియే నేటి బాపూఘాట్. ఆ నీరే జియాగూడ రంగనాథస్వామి సన్నిధికి చేరువగా ప్రవహించి, పురానాపూల్ క్రింది నుండి పాతబస్తీని ఒరసికొని పోవును. ఆనాడు కలుపక మిగిలిన భస్మములో ఒక పాత్రలోనిది అరువది యేండ్ల తరువాత, 2008 జనవరి 30న, ముంబయి గిర్గాం చౌపాటీ వద్ద సముద్రమున కలుపబడినది. మరికొంత 2010లో దక్షిణాఫ్రికాయందలి డర్బన్ తీరమున కలిసినది. సముద్రమున కలిసిన భాగమునకు ఒక గతియు, మూసీలో కలిసిన భాగమునకు వేఱొక గతియు కలదని ఎవరనగలరు?

ఇంతకంటె కఠినమైన ప్రశ్న ఒకటి ఈ నది యొడ్డుననే పుట్టినది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ఒడ్డుననున్న పేటలను తుడిచిపెట్టి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. అట్టి విపత్తులలో దేహము దొరకనివారికి చితియెక్కడిది, అస్థికలెక్కడివి? శాస్త్రము వారిని విడువలేదు. దేహము లభింపనిచో మోదుగాకులతో మూడువందల అరువది అస్థులకు ప్రతిగా ఆకృతిని కూర్చి దహనము చేయు విధి కలదు. ఎముకకు బదులు ఆకును అంగీకరించిన శాస్త్రము, సముద్రమునకు బదులు కృష్ణను అంగీకరింపదా?

శ్రీవైష్ణవులకు మరియొక ధైర్యము కలదు. దేహము కట్టెవలె రాతివలె పడియున్న వేళ భక్తుడు నన్ను స్మరింపలేకపోయినను నేనే వానిని స్మరింతునని వరాహస్వామి భూదేవికి చెప్పిన మాట వరాహచరమశ్లోకముగా ప్రసిద్ధము. శరణాగతుని రక్షణభారము స్వామిది. కుమారుడు చేయు నిమజ్జనము తండ్రికి మోక్షమును సంపాదించి పెట్టు వెల కాదు; ఆ దేహము ద్వారా తాను పొందిన ప్రేమకు చెల్లించు కైంకర్యము. మన కులములలో కొన్నింటికి ఖననమే ఆచారము. వారి పెద్దలకు పరమపదము తగ్గినదని ఏ ఆచార్యుడును చెప్పలేదు.

ఇంత చెప్పినను, సముద్రమునకు పోగలవారిని వారింపరాదు. కృష్ణా జిల్లా హంసలదీవిలో వేణుగోపాలస్వామిని సేవించుకొని, కొన్ని కిలోమీటర్ల దూరముననున్న సాగరసంగమమునకు పోవుట అనువైన మార్గము. విజయవాడ నుండి అవనిగడ్డ, కోడూరు మీదుగా త్రోవ కలదు. పర్వదినములందు తప్ప సముద్రస్నానము కూడదని పెద్దలందురు గనుక, స్నాన విషయమును బయలుదేరుటకు ముందే పురోహితుని అడిగి తెలిసికొనవలెను. మట్టికుండయే కొనిపోవలెను. ప్లాస్టిక్ సంచులు, నైలాను గుడ్డలు, పటములు నీటిలో విడువరాదు. అవి కరుగవు, ఒడ్డుకే తిరిగివచ్చును. మాఘపూర్ణిమనాడు అచట జనసమ్మర్దము మిక్కుటము. వృద్ధులను వెంట తీసికొని పోవువారు వేఱొక దినము చూచుకొనుట మేలు. నది, సముద్రము కలియుచోట నీటి లాగుడు ఎక్కువ. ఆటుపోట్ల వేళను అక్కడి జాలరులను అడిగి, మోకాలి లోతు దాటక, పగటివేళనే కార్యము ముగించుకొనవలెను.